కర్నూలు సందులో మూడు బిందెలు

పోయిన నెలలో మా మనవరాలి బడివాళ్లు మా అమ్మాయి ఫోనుకు ఒక కాగితం పంపారు. పిల్లలను కర్నూలుకు విహారయాత్రకు తీసుకుపోతున్నామనీ, కొండారెడ్డి బురుజు, గోల్ గుమ్మజ్, జగన్నాథగట్టు, తిరిగి వచ్చే దారిలో ఓర్వకల్లు రాళ్లవనం చూపించి చీకటి పడేలోగా కడపలో ఇంటి దగ్గర దింపుతామనీ, బస్సు ఎక్కడుందో ఫోనులో చుక్కలాగా కనబడుతూనే ఉంటుంది కాబట్టి తల్లిదండ్రులు దిగులు పడాల్సిన పని లేదనీ అందులో రాసి ఉంది. ఒప్పుకుంటున్నట్టు వేలితో గీత గీయాలట. మా అమ్మాయి పొయ్యి మీద పోపు మాడకుండా ఒక కన్ను అటు వేసి, రెండో కంటితో ఆ గీత గీసి పంపేసింది. మా కాలంలో తల్లుల చేత ఆ గీత గీయించడానికి నేను పడిన పాట్లు గుర్తొచ్చి నవ్వు వచ్చింది, వచ్చిన నవ్వు వెంటనే పోయింది కూడా.

ఆ సాయంత్రం మనవరాలు నోటుపుస్తకం పట్టుకొని నా మంచం మీదికి ఎక్కి, అవ్వా, నువ్వు ఆ పక్కనే టీచరుగా పని చేసినావు కదా, కర్నూలు గురించి చెప్పు, ప్రాజెక్టు రాయాలి అంది. చెప్పాను. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్ల వాళ్లు తుంగభద్ర దాటే ముందు అక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవాళ్లనీ, అందుకే దానికి కందెనవోలు అని పేరొచ్చి అది కర్నూలు అయిందనీ, నవాబుల ఏలుబడీ, ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో కచేరీలు గుడారాల్లో నడిచిన సంగతీ, అన్నీ వరుసగా చెప్పాను. పిల్ల గబగబా రాసుకుంటూ, బురుజు కింద సొరంగం ఉండాదంట కదా అవ్వా, నది కిందినుంచి గద్వాల దాకా పోతుందంట కదా అని అడిగింది. నాకు ఏం పూనిందో ఏమో, ఉంటే ఉండనీ, నీకెందుకే, వరుస దాటి అడుగు పక్కకు వేశావంటే చూడు అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది. వంటింట్లోంచి మా అమ్మాయి గరిటెతో సహా వచ్చి, ఏమైందమ్మా నీకు అని నిలదీసింది. ఏం కాలేదని ముసుగు పెట్టి పడుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో పిల్లలకు నీతులు చెప్పినదాన్ని, ఇంట్లో వాళ్లకు ఈ ఒక్క సంగతీ ఇంతవరకు చెప్పలేకపోయాను.

నాకు మొదటి ఉద్యోగం కోడుమూరు అవతల ఒక పల్లె బడిలో వచ్చింది. కడపలో పుట్టి పెరిగిన దాన్ని. కడపవాళ్లం మాకే నీళ్లు లేవని ఊరంతా ఏడుస్తాం గానీ, మా ఇంట్లో కొళాయి ఉండేది, అది రాని రోజు పెరట్లో బావి ఉండేది. ఆ పల్లెకు పోయాక గానీ నీళ్లు లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలియలేదు. ఊరికంతా ఒకే కొళాయి. కరెంటు ఉన్నప్పుడు బోరు మోటరు వేస్తారు, ఆ కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి తెల్లవారినప్పటి నుంచి కొళాయి ముందర బిందెలు వరుసగా నిలబడి ఉండేవి. వరుసలో బిందె పెట్టినంత మాత్రాన చాలదు, ఆ బిందె పక్కన మనిషి ఉండాలి. మనిషి లేని బిందెను ఎవరైనా కాలితో చివరికి తోసేయవచ్చు, అడిగే హక్కు ఎవరికీ లేదు. పెద్దవాళ్లు కూలికి పోతారు కాబట్టి ఆ కాపలా పిల్లలది, అందులోనూ ఆడపిల్లలది. ఎవరైనా తమ బిందెలు కాస్త చూస్తూ ఉండమని చెప్పిపోతే, సరేనన్న పిల్ల ఆ మనిషి తిరిగి వచ్చేదాకా అక్కడినుంచి కదలదు. అన్నానికి పిలిచినా కదలదు. ఆ ఊళ్లో కొట్లాటలు, మాటలు మానుకోవడాలు, సగం ఈ బిందెల దగ్గరే మొదలయ్యేవి.

ఇదంతా ఇప్పుడు ఇంత తీరికగా చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నాకు అది చూస్తే ఒళ్లు మండేది. మూడో గంట కొట్టాక తలుపు దగ్గర నిలబడి, వరసకు పోయింటి టీచర్ అని తల వంచుకొనే పిల్లలకు, బడి కంటే బిందెలు ఎక్కువా మీకు అని నేను పెట్టిన చివాట్లు అన్నీ ఇన్నీ కావు. అందరి కంటే ఎక్కువ తిట్లు తిన్నది మా పదిహేడో నంబరు పిల్ల. హాజరు పట్టీలో ఆమెది పదిహేడో వరుస. సన్నగా, నల్లగా, రెండు జడలు ఎర్ర రిబ్బనుతో పైకి మడిచి కట్టుకొని, అడిగిన దానికి తప్ప నోరు విప్పని పిల్ల. తండ్రి లేడు. తల్లి కూలికి పోయేది, ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకొని ఊరి చివర చర్చిలో ముందు వరుసలో కూర్చొని పాడేది.

ఆ ఏడు శివరాత్రికి ముందు, పిల్లలను ఒక్కరోజు కర్నూలు తీసుకుపోవాలని నాకు పట్టుదల పుట్టింది. జిల్లా కేంద్రం గంటన్నర దూరంలో ఉంది, నా తరగతిలో ముప్పై ఒక్క మంది ఆడపిల్లలుంటే అందులో నలుగురు కూడా దాన్ని చూడలేదు. హెడ్మాస్టరు వద్దంటే వద్దన్నారు. ఆడపిల్లలకు ఏమైనా జరిగితే జవాబు ఎవరు చెబుతారని అడిగారు. నేను చెబుతాను సార్ అన్నాను. ఇరవై మూడేళ్ల వయసులో నాకు అన్నిటికీ జవాబులుండేవి. ఇంటింటికీ తిరిగి తల్లుల చేత కాగితం మీద వేలిముద్రలు వేయించాను. పదిహేడో నంబరు పిల్ల తల్లి మాత్రం కాగితాన్ని చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడింది. చివరికి వేలిముద్ర వేసి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకొని పెదవులు కదిలించి, నా చేయి పట్టుకొని ఒకే మాట అంది.

"ఊరు దాటి తెలీని పిల్ల టీచర్. మీ చేతిలో పెడ్తాండా."

నేను ఆమె చేతిలో చెయ్యి వేసి, పొద్దున ఎట్లా తీసుకుపోయానో సాయంత్రం అట్లాగే తెచ్చి అప్పగిస్తానని మాట ఇచ్చాను.

పొద్దున మొదటి బస్సుకు బయలుదేరాం. నాకు తోడుగా సైన్సు మాస్టారు వచ్చారు. ఆయన పెద్దాయన, మోకాళ్ల నొప్పులు, మాట నెమ్మది. తిరిగి మా ఊరికి పోయే ఆఖరి బస్సు సాయంత్రం అయిదింటికి. అది తప్పితే ముప్పై ఒక్క మంది పిల్లలతో బస్టాండులోనే తెల్లవార్లూ కూర్చోవాలి. ముందు నది చూపించాం. తుంగభద్ర అంటే నేను పాఠంలో ఎంతో చెప్పి ఉన్నాను గానీ, ఆ కరువు సంవత్సరంలో నదిలో మడుగులు తప్ప ఏం మిగలలేదు. అయినా ఆ పిల్లలు ఆ మడుగులను చూసి నోరు తెరుచుకొని నిలబడ్డారు. ఒక పిల్ల వంగి, ఈ నీళ్లకు వరస లేదా టీచర్ అని అడిగింది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. తరువాత గోల్ గుమ్మజ్ చూశాం. ఆ చల్లని గుమ్మటం కింద నిలబడి పిల్లలు తమ గొంతులు తమకే తిరిగి వినబడుతుంటే సంబరపడ్డారు. మధ్యాహ్నానికి బురుజు దగ్గరికి చేరి, నీడలో కూర్చొని రొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం తిన్నాం. తెచ్చుకున్న నీళ్లు అక్కడికి అయిపోయాయి.

అన్నాలయ్యాక నేను బురుజు కథ మొదలుపెట్టాను. కథ చెప్పడంలో నాకు కొంచెం పేరుండేది, ఆ పేరు మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఒకప్పటి కోట, దాని ప్రాకారాలు, ఇక్కడ బందీగా ఉన్నాడని చెప్పుకొనే దొర, వీటన్నిటి తరువాత సొరంగం దగ్గరికి వచ్చాను. ఈ కాళ్ల కిందే ఉంది, నది అడుగునుంచి గద్వాల కోట దాకా పోతుంది, అందులోకి పోయినవాళ్లు కొందరు ఇప్పటికీ తిరిగి రాలేదంటారు అని గొంతు తగ్గించి చెప్పాను. పిల్లలు ఒకరినొకరు పట్టుకొని కూర్చున్నారు. కథ అయ్యాక, బురుజు ఎక్కే ముందు నంబర్లు చెప్పించాను. ఒకటి, రెండు, మూడు అంటూ గొంతులు వరుసగా వచ్చాయి. పదహారు అయ్యాక ఎవరూ పలకలేదు.

ఆడుతోందనుకొని మళ్లీ మొదటినుంచి చెప్పించాను. మళ్లీ పదహారు దగ్గర ఆగింది. పద్దెనిమిదో పిల్ల నా ముఖం చూసి తన నంబరు చెప్పడానికే జంకింది. అప్పుడు రెండున్నర అయింది. కథ మొదలుపెట్టినప్పుడు పిల్ల ఉందా లేదా అని అడిగితే ఎవరికీ తెలియదు. దాహమైతాండాదని లేచిందని ఒక పిల్ల, సొరంగం ఎక్కడుందని అడిగిందని ఒక పిల్ల చెప్పారు. సొరంగం అన్న మాట వినగానే మాస్టారును పిల్లల దగ్గర కూర్చోబెట్టి, ఈలను నోట్లో పెట్టుకొని బురుజు మెట్లు ఎక్కాను. పైన ఎవరూ లేరు. దిగి చుట్టూ తిరిగాను. గోడ పక్కన రాళ్లు పేర్చి మూసిన ఒక కంత కనబడితే, మోకాళ్ల మీద కూర్చొని ఆ రాళ్ల సందులో నోరు పెట్టి ఆ పిల్ల పేరు పెట్టి అరిచాను. చదువుకున్న దాన్ని, అది ఏ మురుగు తూమో అని తెలిసిన దాన్ని, అయినా అరిచాను. ఇందాక నేనే చెప్పిన కథను నేనే నమ్మేశాను.

అక్కడినుంచి బజారులోకి పరుగెత్తాను. కూడలిలో నిలబడి ఉన్న పోలీసాయన నా మాట ఓపికగా విని, పిల్ల పోలికలు చెప్పమన్నాడు. నీలం గౌను, తెల్లచొక్కా, ఎర్ర రిబ్బను అన్నాను. ముక్కుపుడక ఉందా, చెవికి కమ్మలా పోగులా, ముఖం మీద మచ్చ ఏమైనా ఉందా అని అడిగాడు. నాకు ఏదీ తెలియలేదు. ఏడాదిగా రోజూ నా ముందు కూర్చున్న పిల్ల. ఆలస్యంగా వచ్చేదని మాత్రం బాగా తెలుసు. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, నది పక్క వెతికినావా అమ్మా, కేసీ కాలువ పక్క చూసినావా అన్నాడు.

నది దగ్గరికి రిక్షాలో పోయాను. ఒడ్డున ఒక పెద్ద మడుగు చుట్టూ జనం గుంపుగా మూగి ఉన్నారు, నడుములోతు నీళ్లలో ఇద్దరు వంగి ఏదో పైకి లాగుతున్నారు. రిక్షా దిగిన చోటి నుంచి ఆ గుంపు దాకా ఎంత దూరమో నాకు ఈనాటికీ తెలియదు, ఎంత నడిచినా తరగలేదు. ఆ తల్లికి ఏం చెప్పాలో మాటలు పేర్చుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టానని తలుచుకుంటే నాకు నామీదే అసహ్యం వేస్తుంది. గుంపును తోసుకొని చూస్తే వలలో ఒక పెద్ద చేప. నీళ్లు ఇంకిపోతుంటే మడుగులో చిక్కుకుందట, జనం దాన్ని చూసి కేరింతలు కొడుతున్నారు. నేను ఆ ఇసుకలో కూలబడి ఏడ్చాను. ఎవరో ఆడమనిషి, ఏమైందమ్మా అని నా భుజం పట్టుకుంది.

కాలువ గట్టు వెంట తిరిగి, దారిలో కనబడిన ప్రతి అంగడిలో అడిగి, మళ్లీ బురుజు దగ్గరికి వచ్చేసరికి నాలుగూ ఇరవై. పిల్ల తిరిగి రాలేదు. మాస్టారు మిగిలిన ముప్పై మందిని బస్టాండుకు నడిపించుకుపోతానని చెప్పి, వాళ్లను నేను బస్సు ఎక్కిస్తాను, నువ్వు ఇక్కడే ఉండి వెతుకు అన్నారు. పిల్లలు నా వైపు చూడకుండా తలలు వంచుకొని నడిచిపోయారు. నేను బురుజు వెనక సందులు పట్టాను. పాతబస్తీ సందులు మీకు తెలుసు కదా, ఒకటి ఇంకొకదానిలోకి తిరుగుతుంది, అది మళ్లీ మొదటిదాని వెనక్కి తెచ్చి వదులుతుంది. ఈల ఊదుకుంటూ, ప్రతి మలుపులో పేరు పిలుచుకుంటూ నాలుగు సందులు తిరిగాక, అయిదో సందులో మలుపు తిరగగానే కనబడింది.

ఎండకు సందులో ఒక్క మనిషీ లేరు, ఇళ్ల తలుపులన్నీ వేసి ఉన్నాయి. వీధి కొళాయి ముందర ఇరవై ముప్పై బిందెలు వరుసగా ఉన్నాయి. వరుసలో ముందరే మూడు బిందెలు, ఆకుపచ్చది ఒకటి, నీలంది ఒకటి, సొట్టలు పడిన సత్తు బిందె ఒకటి. వాటి మీద చేయి వేసి, గొంతుక్కూర్చొని మా పదిహేడో నంబరు పిల్ల. రిబ్బను ఊడి జడ భుజం మీదికి వేలాడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది గానీ చేయి మాత్రం బిందె మీదినుంచి తీయలేదు.

అంతసేపూ పడిన భయమంతా నా కుడిచేతిలోకి వచ్చింది. చెంప మీద కొట్టాను. ఒక్కటే దెబ్బ, కానీ చాలా గట్టిగా తగిలింది. ఈల వినబడలేదా, పిలుస్తుంటే వినబడలేదా అని అరిచాను. ఆ పిల్ల ఏడవలేదు. చెంప పట్టుకోలేదు.

"ఇన్యాను టీచర్," అంది. "ఆయమ్మ నీళ్లు ఇస్తే తాగినా. మనవరాలికి జరమంట, మందుకు పోయొస్తా, బిందెలు సూస్తాండు బేటీ అని చెప్పిపోయింది. ఇడ్సిపెట్టి యెట్ల వచ్చేది?"

ఆ మాటలు నాకు అర్థం కాలేదని చెప్పి తప్పించుకోలేను. అర్థమయ్యాయి. ఏడాదిగా ఆ పల్లెలో ఉన్నదాన్ని, ఆ కట్టుబాటు ఏమిటో నాకు తెలుసు. దాహంతో నీళ్లు వెతుక్కుంటూ వచ్చిన పిల్లకు ఎవరో ముసలామె తన ఇంటినుంచి లోటాడు నీళ్లు తెచ్చి పోసింది, తరువాత తన వరుసను ఆ పిల్ల చేతిలో పెట్టిపోయింది. మా ఊళ్లో అయితే అది పెద్దవాళ్లు ఒట్టు పెట్టుకున్నంత సంగతి. ఎదురుగా ఉన్న ఏ తలుపైనా తట్టి, ఈ మూడు బిందెలు కాస్త చూస్తారా అమ్మా అని అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. నేను తట్టలేదు. బస్సు, ముప్పై మంది పిల్లలు, హెడ్మాస్టరు ముఖం, ఇవి తప్ప నా కళ్లకు ఇంకేం ఆనలేదు. ఒక రవ్వసేపు టీచర్, ఆయమ్మ వచ్చేస్తాది అని ఆ పిల్ల బతిమాలుతుంటే, రెక్క పట్టుకొని లాక్కుపోయాను.

సందు మలుపు తిరుగుతున్నప్పుడు వెనక కొళాయి గురగురమంది. ముందు గాలి, తరువాత నీళ్లు. తలుపులు ధడాలున తెరుచుకున్నాయి, సందంతా ఆడవాళ్ల అరుపులతో, బిందెల చప్పుడుతో నిండిపోయింది. పిల్ల తన బలమంతా పెట్టి వెనక్కి తిరిగింది. అంత సన్నని చేతిలో అంత బలం ఎక్కడిదో. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు, ఆ మలుపు దగ్గర, మొదటిసారి ఆ పిల్ల ఏడ్చింది.

పరుగున బస్టాండుకు చేరేసరికి అయిదుకు మూడు నిమిషాలు. పిల్లలు బస్సులో ఉన్నారు, మమ్మల్ని చూసి ఒక్కసారిగా అరిచారు, మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇక్కడితో ఈ కథ అయిపోయి ఉంటే నేను ఇన్నేళ్లు దీన్ని మోసేదాన్ని కాదేమో. అయిదింటికి బస్సు కదలలేదు. డ్రైవరు టీ తాగుతున్నాడు. తరువాత టైరు చూడాలన్నారు, తరువాత కండక్టరు ఎక్కడికో పోయాడు. నలభై నిమిషాలు ఆ బస్సులో కూర్చున్నాం. పది నిమిషాలు అయ్యాక పిల్ల నా దగ్గరికి వచ్చి, ఉరుక్కుంటా పోయి చూసొస్తా టీచర్, దోవ తెలుసు అంది. కూర్చో అన్నాను. ఇంకో పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. ఈసారి నేను చూసిన చూపుకు మాట బయటికి రాకుండానే వెనక్కి పోయింది. ఆ నలభై నిమిషాల్లో నేను ఆ పిల్లను తీసుకొని సందుకు పోయి, ఆ ముసలామెకు కనబడి తిరిగి రాగలిగేదాన్ని. నా పంతం నన్ను సీట్లోంచి లేవనివ్వలేదు.

బస్సు ఊరు దాటాక పిల్ల కిటికీ వైపు తిరిగి అడిగింది.

"ఆయమ్మకు నీళ్లు దొరికింటాయా టీచర్?"

దొరికే ఉంటాయిలే అన్నాను. అది నాకు తెలిసి చెప్పిన మాట కాదని ఆమెకూ తెలుసు. ఊళ్లో దిగాక తల్లి పరుగెత్తుకొని వచ్చి బిడ్డను పట్టుకొని, ఎట్లుండాది కర్నూలు అని అడిగితే, శానా పెద్దదిమ్మా, టీచర్ బాగా చూసుకున్యారు అని చెప్పింది. చెంప మీద నా వేళ్లు ఇంకా సన్నగా తేలి ఉన్నాయి. తల్లి వాటిని చూసిందో లేదో, నా వైపు తిరిగి దండం పెట్టింది.

తరువాత సోమవారం హెడ్మాస్టరు ఇక ఏ యాత్రలూ లేవని తేల్చేశారు. మిగిలిన పిల్లలు మళ్లీ కర్నూలు ఎప్పుడు పోతాం టీచర్ అని అడిగితే, బురుజు కోసం, ఐస్‌ఫ్రూటు కోసం. ఈ పిల్ల కూడా ఒక రోజు బడి విడిచిపెట్టాక ఆగి అదే అడిగింది, ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఎండాకాలం సెలవుల్లో మనిద్దరమే పోదాంలే, ఆ అవ్వను చూసి వద్దాం అన్నాను. ఆ ముఖం ఎంత వెలిగిందో. పరీక్షలు కాకముందే సగం ఊరు సుగ్గికి పోయింది. సుగ్గి అంటే మీకు తెలిసే ఉంటుంది, ఊళ్లో పని లేక సంసారాలను లారీల్లో వేసుకొని గుంటూరు పక్క మిరపకోతలకు పోవడం. ఆ లారీల్లో ఒకదానిలో తల్లితో పాటు ఆ పిల్ల కూడా పోయింది. జూన్‌లో అందరూ తిరిగి వచ్చారు, వాళ్లిద్దరూ రాలేదు. అక్కడే ఎవరి తోటలోనో ఉండిపోయారన్నారు. హాజరు పట్టీలో పదిహేడో వరుస మీద ఎర్రసిరాతో గీత కొట్టింది నేనే.

ఆ తరువాత కర్నూలు ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. ట్రైనింగులకు, పేపర్లు దిద్దడానికి, ఆసుపత్రుల్లో ఉన్న బంధువులను చూడడానికి, పెళ్లిళ్లకు. ఆ ఊరు నా కళ్ల ముందే పెరిగింది. పొలాలుగా ఉన్నచోట కాలనీలు లేచాయి, కాలనీల మీదుగా వంతెనలు వచ్చాయి, ఓర్వకల్లు దగ్గర విమానాలు దిగుతున్నాయి, బురుజుకు రంగురంగుల దీపాలు పెట్టారు. ఒకసారి ఆ నదే పొంగి ఊరి మీదికి వచ్చి, గోడల మీద మనిషి ఎత్తున మట్టి గీతలు పెట్టిపోయింది. అన్నీ చూశాను గానీ బురుజు వెనక సందులోకి మాత్రం పోలేదు. పోతే ఎవరో ముసలామె ఎదురుపడి, ఆ పిల్ల ఏదమ్మా అని అడుగుతుందేమోనని భయం.

మనవరాలు యాత్రకు పోయిన రోజు ఫోను చేతిలోంచి దించలేదు నేను. బురుజు దగ్గర చుక్క గంటసేపు ఆగింది. అంతసేపూ అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేదు. చుక్క కదిలింది, ఓర్వకల్లు వచ్చింది, నంద్యాల దాటింది, పిల్ల ఇల్లు చేరింది. ఎట్లుంది కర్నూలు అని అడిగాను. బాగుండాది అవ్వా అని ఫోనులో ఫోటోలు చూపించింది. అన్నిటిలోనూ వాళ్ల ముఖాలే, బురుజు వెనక ఎక్కడో కొంచెం. సందులోకి పోయినారా అని అడగబోయి ఊరుకున్నాను.

వారం తిరక్కుండా మోకాళ్ల డాక్టరు నెపం పెట్టుకొని నేనొక్కదాన్నే కర్నూలు బస్సు ఎక్కాను. ఆటో అతను బురుజు దగ్గర దింపి, ఫోటో తీసిపెట్టేదా అమ్మా అన్నాడు. వద్దని వెనక సందుల్లోకి నడిచాను. మొదటి రెండు సార్లు తప్పాను. మూడోసారి, మలుపును నా కాళ్లే గుర్తుపట్టాయి. సందుకు సిమెంటు వేశారు. పెంకుటిళ్లు పోయి మూడంతస్తులు లేచాయి. ప్రతి ఇంటి ముందరా మీటరు పెట్టిన కొళాయి, మెట్ల కింద నీళ్ల క్యాన్లు. పాత కొళాయి ఉన్నచోట సిమెంటులోంచి జానెడు ఇనుప గొట్టం పైకి ఉంది, దాని నోటికి గుడ్డ కుక్కారు. ఇప్పుడు ఎవరూ నీళ్ల కోసం ఎవరినీ అడగనక్కరలేదు, అది మంచిదే, నేను కాదనను. ఆ పల్లె ఆడపిల్లలు పడిన కష్టం ఏ పిల్లా పడకూడదు. కానీ ముక్కూ ముఖం తెలియని పిల్ల చేతిలో ఇంటి నీళ్లన్నీ పెట్టి నిశ్చింతగా మందుకు పోయిన మనిషి, ఆ పెట్టినదాన్ని దెబ్బ తిని కూడా వదలని పిల్ల, ఇద్దరూ ఒకే మధ్యాహ్నం ఈ సందులో ఉన్నారు. వాళ్లిద్దరి మధ్యకు వచ్చి తెంపినదాన్ని నేను. ఆ ముసలామె తిరిగి వచ్చి, చివరికి తోసేసిన బిందెలు చూసి, ఆ పిల్లను ఏమనుకొని ఉంటుందో.

మోకాళ్లు నిలవనివ్వక ఆ గొట్టం పక్కనే ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో. ఎదురింట్లోంచి ఒకామె, మా అమ్మాయి వయసుది, తల మీద ముసుగు సర్దుకుంటూ బయటికి వచ్చి, రెండుసార్లు నన్ను చూసి, చివరికి అడిగింది.

"యెవురి కోసరం కూసున్యావమ్మా?"

డాక్టరు దగ్గరికి వచ్చానని చెప్పబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఒకామె బిందెలు చూస్తాండమని చెప్పిపోయిందమ్మా. ఇంకా రాలేదు."

ఆమె నన్నొకసారి, ఖాళీగా ఉన్న సందునొకసారి చూసింది. లోపలికి పోయి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎండకు వచ్చినదాన్ని, గడగడా తాగేశాను. తాగిన తరువాత అక్కడినుంచి లేవడానికి మనసు ఒప్పలేదు.